ఫోనుకు ఊట

గోరంట్ల బస్టాండు,
జూన్ నెల, సోమవారం

మహాలక్ష్మీ సమానురాలైన మా అక్క నల్లమ్మకు,

గోరంట్ల బస్టాండు ఉత్తర ద్వారమున వెలసిన ఉగ్గాని బంకు సార్వభౌముడు, మిరపకాయ బజ్జీల చక్రవర్తి, ఎనిమిదో తరగతిని ఒకసారి చాలక రెండుసార్లు చదివిన మహాపండితుడు శ్రీ కుళ్ళాయప్ప ప్రభువులు, తమ సింహాసనమగు గ్యాస్ పొయ్యి చెంత నిలబడి, చేత జల్లిగంటె ధరించి లోకమునకు చాటునది ఏమనగా:

ఈ క్షణము మొదలు మా రాజ్యములో ఎవ్వరునూ ఎర్రమిట్టపల్లె నల్లమ్మకు ఫోను చేయరాదు. చేసిన వారి టీ చల్లారును. ఇప్పటికే ప్రభువుల వారి టీలు అనేకము చల్లారినవి. ఆ టీల ఆత్మశాంతి కొరకు నేటి ఉదయం బంకులో ఈగలను తోలకుండా కొంతసేపు మౌనం పాటించడమైనది. మౌనం వల్ల ఈగలకు మేలు జరిగినది.

అక్కా, చాటింపు అయిపోయింది. ఇక మామూలుగా రాస్తాను.

నిన్న నీకు ఫోన్ చేశాను. ఎత్తినావు. బావ దగ్గు వినపడింది, మేక అరుపు వినపడింది. నువ్వు మాత్రం "ఈ పాడు ఫోను ఎంత నొక్కినా కదల్దే" అని ఎవరికో చెబుతున్నావు. నేను "అక్కా, నేను లైన్లోనే ఉండా" అని అరుస్తున్నాను. బంకు దగ్గర నిలబడినవాళ్ళు నాకు దయ్యం పట్టిందనుకున్నారు. మళ్ళీ చేస్తే అదే కథ. అందుకే కాగితం పట్టుకున్నాను. కదిరి బస్సు కండక్టరు మార్కండేయ తెచ్చి ఇస్తాడు. రెండు బజ్జీలు లంచం తిన్నాడు కాబట్టి తప్పకుండా ఇస్తాడు.

ఇప్పుడు మందు చెబుతాను, విను. ఆ ఫోనును ఒకసారి పూర్తిగా ఆపెయ్యి. కాసేపుండి మళ్ళీ వెయ్యి. అంతే. రోజుల తరబడి ఆపకుండా నడిపితే నువ్వు తెరిచి వదిలేసినవన్నీ లోపల తెరిచినట్టే పడి ఉంటాయి. అంత బరువు మోస్తూ అది నడవలేదు. నా ఫోను కూడా ముసలి ఎద్దులాగా ఈడ్చేది. మా పాప త్రివేణి "ఏం నాయనా, దీన్ని ఎప్పుడైనా ఆపినావా?" అని అడిగి, ఆపి వేసింది. కోడెదూడ మాదిరి లేచింది.

ఇది నిజం. ఆట కాదు.

నీ తమ్ముడు,
కుళ్ళాయప్ప


ఎర్రమిట్టపల్లె, కదిరి దగ్గర,
గురువారం

ఏరా కుళ్ళాయా,

నువ్వు "ఇది నిజం" అని రాసినప్పుడే నాకు గుండె దడ మొదలవుతుంది. పోయిన వేసవిలో సిగ్నలు రావడం లేదంటే ఫోను పక్కన కోసిన ఉల్లిగడ్డ పెట్టమన్నావు. "నిజమక్కా, ఉల్లిగడ్డ గాలిలో ఉండేదాన్నంతా లాక్కుంటాది" అన్నావు. పెట్టాను. ఫోను చెవికి పెట్టుకున్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు. చూసినవాళ్ళు ఎవరో పోయిన కబురు వచ్చిందేమోనని పలకరించడానికి వచ్చారు. మీ బావకు నెత్తిన వెంట్రుకలు మొలవడానికి వేరుశనగ పొట్టు బూడిద రాయమన్నది ఎవరు? ఆయన ఆ నెత్తి కడుక్కోవడానికి తొట్టిలో నీళ్ళన్నీ అయిపోయినాయి. వెంట్రుక మాత్రం మొలవలేదు.

నేను ఫోను ఆపను. కారణం చెబుతాను, నవ్వకుండా చదువు.

మోటరుకు ఫోనుతో నడిచే స్టార్టరు పెట్టించాము కదా. ఇంట్లోనో, పట్టుపురుగుల షెడ్డులోనో కూర్చుని ఫోను నొక్కితే చేనులో మోటరు లేస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అది బిగించిన మనిషి పోతూ పోతూ చెప్పాడు: "అమ్మా, ఈ ఫోను ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాల. ఆపినావంటే మోటరు నీ మాట వినదు." ఆ పొద్దు నుంచి ఇంతవరకు ఒక్కసారి ఆపలేదు. కరెంటు పోతే పక్కింటి ఇన్వర్టరు దగ్గర పెట్టి, అది ఆరిపోకుండా కాపలా కూర్చున్నాను. ఇంట్లో దీపం కొండెక్కిన దినాలున్నాయి గానీ ఫోను కొండెక్కిన దినం లేదు.

మన బోరు సంగతి నీకు తెలియనిది కాదు. కొంచెంసేపు నీళ్ళు పోస్తుంది, తర్వాత గాలి కక్కుతుంది. అప్పుడు వెంటనే ఆపి, అడుగున ఊట చేరనిచ్చి, మళ్ళీ వెయ్యాలి. ఆపడం ఆలస్యమైతే మోటరు కాలిపోతుంది. పురుగులు మూడో జ్వరం నుంచి లేచాయి. జ్వరం అంటే మీ పట్నం వాళ్ళు మాత్ర మింగే జ్వరం కాదులే. పాత చర్మం విడవడానికి మేత మాని పడుకుంటాయే, అది. లేచినాక ఆకలి చూడు, వాన పడినట్టు చప్పుడు. ఆకు ఉంటేనే పట్టుగూళ్ళు. నీళ్ళుంటేనే ఆకు.

మీ బావ ఏమన్నాడో కూడా రాస్తాను. "ఈ పంట పోతే తోట సోలారోళ్ళకు కౌలుకిచ్చేద్దాం నల్లమ్మా. అద్దాలు ఆకు అడగవు, నీళ్ళడగవు" అన్నాడు. "అద్దాలకూ మొగం కడగాలంట" అన్నాను. "నీతో మాట్లాడలేను. ఈ ఒక్క పంట చూద్దాం" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆ తోటలో ప్రతి మల్బరీ కట్టె నేను వంగి నాటిందే. దాన్ని పీకి అద్దాలు పాతుతుంటే చూడాల్సి వస్తుందేమోనని ఒప్పుకున్నప్పటి నుంచి రోజూ పొద్దున లేవగానే తోట చుట్టూ ఒకసారి తిరిగొస్తున్నాను.

కాబట్టి నీ మందు నువ్వే మింగు.

నల్లమ్మ


గోరంట్ల,
శుక్రవారం

అక్కా,

ఉల్లిగడ్డ అబద్ధం. బూడిద అబద్ధం. ఇది నిజం. మన గూగూడు కుళ్ళాయస్వామి మీద ఒట్టు, ఆయన పేరు పెట్టుకున్నవాణ్ణి.

స్టార్టరులో దాని సిమ్ దానికి వేరే ఉంది. నీ ఫోను ఆగితే అది నిన్ను మరిచిపోదు. బిగించినవాడు చెప్పింది, మోటరు నడిపే వేళకు ఫోను ఆన్‌లో ఉండాలని. జన్మంతా ఆపొద్దని కాదు. ఇంత చిన్న సంగతికి ఎంత రాద్ధాంతమే తల్లీ! బావ చేతికివ్వు, ఆయన ఆపుతాడు.

కుళ్ళాయప్ప


ఎర్రమిట్టపల్లె,
బుధవారం

కుళ్ళాయా,

బావ చేతికిచ్చాను. ఆయన నీ పేరు వినగానే నెత్తి తడుముకుని ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు.

మొన్న ఏం జరిగిందో రాస్తాను. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి, ఇక గూళ్ళు కట్టేదాకా వాటి కడుపుకు హద్దుండదు. షెడ్డులో ఆకు వేస్తూ మోటరు వేశాను. గాలి కక్కే వేళ అయిందని ఆపబోయాను. ఫోనులో చక్రం తిరుగుతూ ఉంది, తిరుగుతూనే ఉంది. నొక్కితే కదలదు. మళ్ళీ నొక్కాను. ఎప్పుడో పొద్దున నొక్కిన పువ్వుల బొమ్మ, శుభోదయం అని, అప్పుడు తెరుచుకుంది. కుళ్ళాయా, నా జన్మలో పువ్వులను చూసి అంత ఏడుపు రాలేదు.

ఫోను ఆడే పడేసి చేనుకు పరుగెత్తాను. గట్టు మీద పడి మోకాలు గీరుకుపోయింది. పోయి చూస్తే పైపులో నీటి చుక్క లేదు, మోటరు ఉట్టిదే అరుస్తోంది. స్టార్టరు పెట్టె దగ్గర చేత్తో ఆపేశాను. ఈ ఒక్కసారికి కాలలేదు. ఇంకోసారి నేను ఇంత దూరం పరుగెత్తి అందుకోలేను.

ఇంటికొస్తే మీ బావ సోలారోళ్ళ నంబరు వెతుకుతున్నాడు. "ఊరికే చూస్తాండాలే" అన్నాడు.

నిన్ను నమ్మను గానీ, నీ బంకు దగ్గరికి నానా రకాల మనుషులు వస్తారు కదా. వాళ్ళలో నిజంగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి రాయి. నీ మాట వద్దు. వాళ్ళ మాట రాయి.

నల్లమ్మ


గోరంట్ల,
గురువారం, బస్సు కదిలేలోపల

అక్కా,

దేవుడు నీ మొర విన్నాడు. నీ ఉత్తరం జేబులో పెట్టుకున్నానో లేదో, బంకు ముందు ఒక కారు ఆగింది. లేపాక్షి నందిని చూసి కదిరి వైపు పోతున్నారట. దిగిన ఆమె పేరు ఎలిజబెత్ మేడమ్. బెంగుళూరులో ఈ ఫోను స్టార్టర్లు తయారుచేసే చోట పెద్ద ఇంజనీరు. కళ్ళద్దాలు తాడు కట్టి మెడలో వేసుకుంది. నెరిసిన జుట్టు, చేతికి మగవాళ్ళ వాచీ. రెండు ప్లేట్లు ఉగ్గాని తిన్నది. బజ్జీ కొరికి "అబ్బా, కారం!" అని నన్ను తిట్టి, ఇంకోటి అడిగింది.

నేను ఊరికే ఉంటానా? నీ బాధంతా చెప్పాను. అంతా విని నన్నే అడిగింది.

"మీ అక్క బోరు ఆపకుండా నడుపుతాదా?"

"లేదు మేడమ్. ఊట రావాలని ఆపి ఆపి వేస్తాది."

"ఎవరు నేర్పినారు?"

"ఎవరు నేర్పాల మేడమ్? ఈ సీమలో పుట్టినోళ్ళకు అది పాలతో వస్తాది."

"మరి భూమికిచ్చే ఊట ఫోనుకెందుకీదు? అది కూడా వారాలకొద్దీ నడిచి నడిచి గాలి కక్కుతాండాది. ఆపి ఊట ఇయ్యమను."

ఆమె మాటల్లో పడి పొయ్యి సంగతి మరిచిపోయాను. నూనెలో బజ్జీ మాడిపోయింది.

ఆమె చెప్పిన పద్ధతి ఇది, ఒక్క ముక్క కూడా మార్చకు. మొదట మోటరు ఆపి బోరుకు ఊట ఇవ్వాలి. అది ఆగి ఉన్న వేళే ఫోను పక్క బటన్ నొక్కిపట్టి పూర్తిగా ఆపాలి. సంగటి ఉడికి దిగినంతసేపు దాన్ని ముట్టకూడదు. తర్వాత వేసి, ముందరి బొమ్మ వచ్చి కుదురుగా నిలిచేదాకా ఏదీ నొక్కకూడదు. స్టార్టరుకు ఏమీ కాదు, దానికి నేనే హామీ అన్నది. వారానికి ఒకసారి చేస్తే చాలునంట.

ఇంకోటి ముఖ్యం. ఫోను ఊటలో ఉన్నంతసేపు దాని యజమానురాలు కూడా ఏ పనీ ముట్టకుండా కూర్చోవాలి. ఆకు తరగడం, కాఫీ కాచి ఇవ్వడం ఇంటి మగమనిషి చెయ్యాలి. ఇదెందుకు మేడమ్ అంటే, "చెప్పింది చెయ్యమను" అన్నది. పెద్ద ఇంజనీర్లను ఎదురడగలేము కదా.

బస్సు హారన్ కొడుతోంది.

కుళ్ళాయప్ప


ఎర్రమిట్టపల్లె,
సోమవారం

కుళ్ళాయా,

చేశాను.

మోటరు ఆపి, ఫోను పక్క బటన్ నొక్కిపట్టుకున్నాను. అద్దం నల్లబడగానే చిన్నప్పుడు మనం బావిలో చెంబు జారవిడుచుకున్నప్పుడు ఎట్లా అనిపించిందో అట్లా అనిపించింది. అరుగు మీద కూర్చున్నాను. మీ బావ కొడవలి పట్టుకుని ఆకు తరుగుతూ ఒకటే గొణుగుడు.

"ఇది యే ఇంజనీరింగు పుస్తకంలో ఉండాదే? ఫోను నీది, రోగం దానిది, పని నాకా?"

"మేడమ్ చెప్పింది. గమ్మున తరుగు. సన్నగా తరుగు."

"ఆమెకు మొగుడున్నాడో లేదో కనుక్కోమను నీ తమ్ముణ్ణి. పాపం వాడెట్లున్నాడో!"

కాఫీ తెచ్చి ఇచ్చాడు. కాఫీ అనాలి కాబట్టి అంటున్నాను. బెల్లం గడ్డ అడుగున కరగకుండా కూర్చుంది, పైన పొడి తేలుతోంది. మొత్తం తాగాను. మా పెళ్ళయినాక ఆయన కాచిన మొదటి కాఫీ అది. షెడ్డులో పురుగులు మేస్తుంటే ఉత్త చేతులతో కూర్చుని ఆ చప్పుడు విన్నాను. రోజూ వినేదే, కూర్చుని ఎప్పుడూ వినలేదు.

సంగటి దిగింది. ఫోను వేశాను. బొమ్మ కుదురుకునేదాకా ఏదీ నొక్కలేదు. స్టార్టరు తెరిచి ఒకే ఒకసారి నొక్కాను. చేనులో మోటరు లేచిన చప్పుడు ఇక్కడికి వినపడింది. మళ్ళీ నొక్కాను, ఆగింది. మీ బావ కొడవలి కింద పెట్టి, "యామ్మీ, నిజమేనే!" అన్నాడు.

ఈ సంచిలో వేరుశనక్కాయలు, మునక్కాయలు ఉన్నాయి. మేడమ్ కోసం. ఒక్కటి నువ్వు ముట్టినావంటే చెయ్యి విరుస్తాను.

నల్లమ్మ


గోరంట్ల,
జూలై నెల

అక్కా,

సంచి చేరింది. మేడమ్‌కు చేర్చాను. మునక్కాయల పులుసు అన్నంలోకంటే సంగట్లోకే బాగుందని చెప్పమన్నది. మంచి మనిషి. ఇంకేమీ పంపొద్దని కూడా చెప్పింది, ఆమెకు అరుగుదల తక్కువ.

వారం వారం ఆపి వేయడం మానొద్దు. పువ్వుల బొమ్మలు, శుభోదయాలు ఎప్పటికప్పుడు తుడిచెయ్యి. అవి పంపేవాళ్ళకు వేరే పని లేదు, నాతో సహా.

కుళ్ళాయప్ప


ఎర్రమిట్టపల్లె,
సెప్టెంబర్ నెల

కుళ్ళాయా,

నీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. మేడమ్ పేరెత్తితే మాట మారుస్తున్నావు. ఆమెతో ఏమైనా పోట్లాట పెట్టుకున్నావా? నీ నోరు తెలిసినదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఆ పంట గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోయాయని ఫోనులో చెప్పాను కదా. కొనేవాళ్ళు చేత్తో నొక్కి చూసి, "ఎవరివమ్మా ఇవి, రాళ్ళ మాదిరి గట్టిగుండాయి" అన్నారు. మీ బావ "మావే" అన్నాడు. మావే అన్నాడురా, ఆ నోటితోనే! సోలారు మాట ఆ పొద్దుకు ఆగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఫోనులో చెప్పేది కాదు, అందుకే కాగితం. తర్వాతి పంటకు బోరు బాగా తగ్గింది. వాన లేదు. ఊట చేరడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోంది, పోసే నీళ్ళు తగ్గాయి. టెంకాయతో నీళ్ళు చూసే యేసన్నను పిలిపించాము. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఈశాన్యంలో అది నిటారుగా లేచి నిలబడింది. "ఈడ వేయండి, గంగమ్మ ఉండాది" అన్నాడు. పోయినేడు మన పక్క చేనులోనూ అట్లే నిలబడింది. తవ్వితే దుమ్ము వచ్చింది. మీ బావ దుమ్ము మీద డబ్బు పెట్టేది లేదంటాడు. నేను వేద్దామంటాను. ఇద్దరికీ మాటల్లేవు.

చివరికి ఇద్దరం ఒక్కదానికి ఒప్పుకున్నాము. ఎలిజబెత్ మేడమ్ ఏమంటే అది. వెయ్యమంటే కొత్త బోరు వేస్తాం. వద్దంటే సోలారోళ్ళ కాగితం మీద సంతకాలు పెడతాం. మీ బావ కూడా "ఆమె చెప్తే సరే" అన్నాడు. బోరు బండివాళ్ళకు అమావాస్య దాటినాక రమ్మని చెప్పాము.

ఆమె ఫోన్ల ఇంజనీరే, నీళ్ళ ఇంజనీరు కాదని నాకూ తెలుసు. అయినా చెబుతాను విను. పని మధ్యలో నన్ను కాసేపు కూర్చోమని చెప్పిన మనిషి అమ్మ పోయినాక ఎవరూ లేరు. అత్త చెప్పలేదు, మొగుడు చెప్పలేదు. ముఖం చూడని మనిషి చెప్పింది. నా అలసట తెలిసిన మనిషికి నా మంచీ చెడూ తెలియకుండా ఉంటుందా?

బోరు వేయాలా, తోట వదలాలా, ఈ ఒక్కటి అడిగి రాయి. ఆమె మాట తప్ప నీ మాట ఒక్కటి కూడా కలపొద్దు.

నల్లమ్మ


గోరంట్ల,
ఉత్తరం అందిన పొద్దే

అక్కా,

ఈసారి చాటింపు లేదు.

ముందుగా బోరు బండివాళ్ళకు ఫోన్ చేసి ఆగమని చెప్పు. సోలారోళ్ళకూ ఏమీ చెప్పొద్దు. ఈ కాగితం చదివినాకే ఏదైనా.

నీ ఉత్తరం చదివి బంకు మూసేశాను. ఉగ్గాని అడిగినవాళ్ళను తిట్టి పంపాను. మేడమ్ మాటగా ఒక ఉత్తరం రాశాను, బోరు వెయ్యమని. నందికి ఎదురుగా ఉన్న దిక్కున వెయ్యమన్నట్టు, లోపల ఎర్రరాయి దాటితే నీళ్ళు తగులుతాయన్నట్టు రాశాను. చదువుకుంటే నాకే నమ్మబుద్ధి అయింది. చించేశాను. తర్వాత వద్దని ఇంకోటి రాశాను. ఇక చాలునమ్మా, నీ మోకాళ్ళకు విశ్రాంతి కావాలి, తోట వదిలెయ్యి అని. అది ఇంకా బాగా వచ్చింది. అది కూడా చించేశాను. రెండూ నా చేతికి అంత తేలికగా వచ్చాయి. కింద నీళ్ళున్నాయో దుమ్ముందో తెలియని నా చేతికి! జీవితంలో మొదటిసారి నా చెయ్యిని చూసి నాకు భయం వేసింది.

ఈ సంగతి బెంగుళూరు నుంచి తేలదు. టెంకాయ కూడా తేల్చదు. ఏ సాలులో ఆకు ముందు వాడుతుందో, ఏ మూల మన్ను పొద్దున పూట చల్లగా ఉంటుందో నీకు తెలుసు. పక్క చేనులో ఎంత లోతుకు పోతే దుమ్ము వచ్చిందో బావకు తెలుసు. మీ ఇద్దరికీ తెలిసింది ఒక దగ్గర పెట్టుకోండి. సగం తోటకే నీళ్ళిచ్చి సగం వదిలేయొచ్చేమో. ఈ ఒక్క పంట ఆపి వాన కోసం చూడొచ్చేమో. బోరే వేయొచ్చేమో. ఏది చేసినా అది మా నల్లమ్మక్క, లింగప్ప బావ కలిసి చేసినదై ఉండాలి. దుమ్ము వచ్చినా తట్టుకుంటారు, మీదే కాబట్టి. ఇంకెవరి మాట మీదో చేసి దుమ్ము వస్తే ఆ మనిషిని ఎక్కడని వెతుకుతావు?

వెతికినా దొరకదు. అది చెప్పడానికే ఇంతసేపు తిరుగుతున్నాను.

ఫోను ఆపి వేయడం నిజం. త్రివేణి నాకు చూపించిందే నీకు రాశాను, మొదటి ఉత్తరంలోనే. నా మాటగా చెబితే నువ్వు ఆపవు, మోటరు కాలిపోతుంది, తోట పోతుంది. నువ్వే రాశావు కదా, నీ మాట వద్దు, తెలిసినవాళ్ళ మాట రాయి అని. నాకు తెలిసినవాళ్ళు ఎవరున్నారక్కా? బజ్జీలు మాడుతుంటే ఒకరిని పుట్టించాను.

రేపు మార్కండేయ బస్సులో వస్తున్నాను. బావను కొడవలి దూరంగా పెట్టమను. తిట్టేది నా ముఖం చూసే తిట్టు.

ఆ కారు లేదు. కళ్ళద్దాలకు తాడు లేదు. నిన్ను కాసేపు కూర్చోమన్న ఆ ఎలిజబెత్ మేడమ్ ఈ లోకంలో ఎక్కడా లేదు. తల నుంచి కాలి దాకా ఆమెను నేనే కల్పించాను.

కుళ్ళాయప్ప